అవతలి ఒడ్డు కనిపిస్తోంది!

గలిలయ సముద్రానికి అవతలి ఒడ్డు కనిపిస్తుందని ఇన్నేళ్లలో ఒక్కరైనా చెప్పారా? సండే స్కూల్లో చెప్పలేదు, ఉజ్జీవ కూటాల్లో చెప్పలేదు, గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటలు కూర్చోబెట్టి కూడా చెప్పలేదు. నేనేమో కాకినాడ బీచ్‌లాంటిది ఊహించుకుంటూ వెళ్లాను. తీరా తిబెరియలో హోటల్ బాల్కనీ తలుపు తీస్తే ఎదురుగా నీలంగా మెరిసిపోతూ ఓ పెద్ద చెరువు! దాని వెనకాలే గోలాన్ కొండలు. పొడవు 21 కిలోమీటర్లు, బాగా వెడల్పున్న చోట 13. అంతే! పైగా మంచినీళ్లు. సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన ఉంది. భూమ్మీద ఇంత పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇంకోటి లేదట. బస్సు కొండ దిగుతుంటే చెవులు దిబ్బెళ్లు ఎందుకు పడ్డాయో అప్పుడర్థమైంది.

"ఓస్, ఇంతేనా! వానాకాలంలో మా కొల్లేరు దీని తలదన్నేది" అంది అమ్మమ్మ. ఆకివీడు ఆవిడ అలాగే అంటుంది మరి.

నాకు మాత్రం చిన్నదిగా ఉండటమే పిచ్చపిచ్చగా నచ్చేసింది. ఎందుకంటే ఒక్క చోట నిలబడి తల తిప్పితే సువార్తల్లో సగం కనిపించేస్తుంది! అదిగో మగ్దల, ఇదిగో కపెర్నహూము, ఆ పైన కొండ మీద ప్రసంగం చేశారంటారే, అది. మగ్దల నుంచి కపెర్నహూముకి ఆటో ఉంటే అరగంట కూడా పట్టదు. ఇన్నాళ్లూ నా బుర్రలో ఈ ఊళ్లన్నీ ఎక్కడో ఆకాశానికీ భూమికీ మధ్య వేలాడుతుండేవి. ఇప్పుడు వాటి మధ్య రోడ్డుంది, రోడ్డు పక్కన అరటితోట ఉంది!

గినోసర్‌లో చూసిన పడవ సంగతి చెప్పకపోతే నిద్ర పట్టదు. 1986లో వానల్లేక నీళ్లు వెనక్కి పోతే, అక్కడి ఇద్దరు అన్నదమ్ములకు బురదలో దీని ఆనవాలు దొరికింది. సుమారు రెండువేల ఏళ్ల నాటిది. ముట్టుకుంటే ముక్కలైపోయేంత నానిపోయిందని, నురుగులాంటి రసాయనంతో ఒళ్లంతా కప్పి, నీళ్లమీదే తేలించి తీసుకొచ్చారట. తర్వాత ఏళ్లతరబడి మైనంలాంటి ద్రావణంలో ఉంచారు. పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు, వెడల్పు రెండుంబావు. నేను అద్దాల గదిలో మెట్ల మీద నిలబడి పలకల్నే చూస్తూ ఉండిపోయాను. దేవదారు పలక, దాని పక్కన ఇంకేదో కర్ర, మధ్యలో ఓ చిన్న ముక్క ఇరికించి మేకు కొట్టారు. మొత్తం పన్నెండు రకాల కర్ర ఉందట అందులో. అచ్చం అతుకుల బొంత! ఏది దొరికితే దాంతో బాగుచేసుకుంటూ, ఇంకొక్క ఏడాది నడిస్తే చాలురా బాబూ అనుకుంటూ వాడుకున్నారన్నమాట. ఇది పేతురు పడవే అని అక్కడెవరూ అనలేదు. అనకపోవడం వల్లే నాకు వాళ్లమీద గౌరవం పెరిగింది.

ఆ మధ్యాహ్నమే మేం పడవెక్కాం. మాది టూరిస్టు పడవ, పెద్దదే. పడవవాళ్లు మన జెండా ఎగరేసి 'జనగణమన' పెట్టారు. గలిలయ సముద్రం మీద జనగణమన! అందరం లేచి నిలబడ్డాం, డాడీ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత పాస్టర్ గారు కీర్తన ఎత్తుకున్నారు. రెండో చరణంలో ఉండగా గాలి లేచింది. చుట్టూ కొండలు, మధ్యలో గుంట, అందులో వేడెక్కిన గాలి. పడమటి సముద్రం వైపు నుంచి వచ్చే చల్లగాలి అర్బేలు లోయలోంచి ఆ గుంటలోకి జారి పడుతుందని గైడు చెబుతూనే ఉన్నాడు, మమ్మీ చున్నీ ఎగిరిపోయింది. అద్దంలా ఉన్న నీళ్లు కాసేపట్లోనే తెల్లగా నురగలు కక్కాయి.

అప్పుడు తట్టింది నాకు. ఆ అతుకుల పడవలో, ఇంతకంటే పెద్ద గాలిలో, ఒక మనిషి నిద్రపోయాడు! నిద్రెలా పట్టింది? మార్కు సువార్తలో చూస్తే ఆ రోజంతా యేసు ఒడ్డున జనానికి ఉపమానాలు చెబుతూనే ఉన్నాడు. సాయంత్రానికి పడవలోనే ఒళ్లు తెలియకుండా పడి నిద్రపోయాడు. మాకు ఎప్పుడూ ఆయన మాటకు తుఫాను గాలి ఆగిపోవడం గురించే చెప్పారు, బొమ్మ కూడా అదే గీయించారు. ఆ అలసట గురించి ఎవరూ ఆగి మాట్లాడలేదు.

నేను పుట్టినప్పటినుంచీ చర్చిలోనే పెరిగాను. నమ్ముతున్నావా అని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. ఇంటర్ ఎంపీసీలో చేరాక రాత్రుళ్లు ఆ ప్రశ్న మొదలైంది, ఎవరికీ చెప్పలేదు. గాలి లేచింది కాబట్టి ఆయన మాటకు ఆగిందనేదీ రుజువైనట్టే అని నేననను, ఆ మాత్రం లాజిక్ నాకూ వచ్చు. కానీ ఆ పడవలో నేను చేసిన ప్రార్థన వేరు. ఎప్పుడూ ఎక్కడో పైకి మాట్లాడేదాన్ని. ఈసారి నాలుగడుగుల దూరంలో కూర్చున్నవాళ్లతో అన్నట్టు "బాగా అలిసిపోయావా?" అన్నాను. ఇది ప్రార్థన కిందికి వస్తుందో రాదో మీరే చెప్పండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. యర్దెను దగ్గర బాప్తిస్మం కోసం తెల్ల గౌన్లు అద్దెకిస్తారు. అక్కడి హడావిడి నాకు ఎక్కలేదు. ఐదు రొట్టెలు, రెండు చేపల కథకు గుర్తుగా ఉన్న తబ్గా గుడి నేలమీది పాత మొజాయిక్‌లో రెండు చేపల మధ్య బుట్ట, అందులో నాలుగే రొట్టెలు! ఐదోది బల్లమీద ఉందంటారు. కపెర్నహూములో మాత్రం ఆగాలి. అంతా నల్లరాయి, గదులు ఇరుకు. పేతురు ఇల్లని చెప్పే చోట పైన ఎనిమిది మూలల గుడి కట్టి, నేలకు అద్దం పెట్టారు. అందులోంచి కిందికి తొంగి చూస్తూ అమ్మమ్మ అంది: "పేతురు అత్తగారు ఇందులోనే పడుకుందన్నమాట జ్వరంతో. తగ్గీ తగ్గగానే లేచి అందరికీ వడ్డించింది, చూశావుటే? ఏ దేశమైనా ఆడదాని బతుకంతే." ఇంత సూటి వాక్యం నేను ఏ ప్రసంగపీఠం దగ్గరా వినలేదు.

ఒడ్డున హోటల్లో పేతురు చేప తెప్పించారు. తలా తోకాతో సహా వేపి, నిమ్మకాయ బద్ద పెట్టి ఇచ్చారు. అమ్మమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మన జిలేబీ చేపే కదే!" అంది. నిజమే, రెండూ తిలాపియా జాతే! సువార్తలో పేతురు పట్టిన చేప నోట్లో నాణెం ఉంటుంది కదా, తమ్ముడేమో తినకుండా చేప నోరు తెరిచి దానికోసం వెతుకుతున్నాడు. చప్పగా ఉందని అమ్మమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆవకాయ తీస్తే, పక్క టేబుల్ పాస్టర్ గారు కూడా ప్లేటు జరిపారు.

వచ్చే నెల సండే స్కూల్లో చిన్నపిల్లలకు తుఫాను కథ చెప్పే వంతు నాది. చర్చి వరండాలో సుద్దముక్కతో ఎనిమిది మీటర్ల పడవ గీసి, పదమూడు మందిని అందులో కూర్చోబెడతాను. ఒకడికి తలగడ ఇచ్చి, నిద్రపోరా చూద్దాం అంటాను. తలగడ తెచ్చే పూచీ తమ్ముడిది.