పెంగ్విన్ల దీవిలో బైకుల పాఠం

మెల్‌బోర్న్‌లో ఉండే మన తెలుగు కుటుంబాల్లో ఫిలిప్ ఐలండ్ చూడనివాళ్ళు అరుదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే చాలు, పులిహోర డబ్బాలు సర్దుకుని సుమారు 140 కిలోమీటర్లు కారు నడిపి, శాన్ రెమో దగ్గర వంతెన దాటి, పెంగ్విన్లు సముద్రంలోంచి ఒడ్డుకి నడిచి వచ్చే ముచ్చట చూపించి తీసుకొస్తాం. అదే దీవిలో, సముద్రాన్ని ఆనుకుని, ప్రపంచ ప్రసిద్ధి చెందిన రేస్ ట్రాక్ కూడా ఉంది.

1928లో ఈ దీవి మట్టిరోడ్ల మీద కార్ల రేసు జరిగింది. ఇప్పుడున్న ట్రాక్ 1956లో మొదలైంది. ఆస్ట్రేలియాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో భాగంగా మొట్టమొదటి మోటార్ సైకిల్ గ్రాండ్ ప్రీ 1989లో ఇక్కడే జరిగింది. 500 సీసీ రేసు గెలిచింది ఈ దేశపు వేన్ గార్డ్‌నరే. సుమారు 4.4 కిలోమీటర్ల ట్రాక్‌లో తిన్నని దారికి ఆయన పేరు, మొదటి మలుపుకి మిక్ డూహన్ పేరు, మూడో మలుపుకి కేసీ స్టోనర్ పేరు పెట్టుకున్నారు. రేసులు లేనప్పుడు కొన్ని రోజులు మామూలు జనం కూడా డబ్బు కట్టి సొంత బైకులు నడుపుకోవచ్చు. వాటిని రైడ్ డే అంటారు.

అలాంటి ఒక రోజు చూడటానికి మా మేనల్లుడితో వెళ్ళాను. వాడు ఇక్కడ మాస్టర్స్ చదువుతూ సెకండ్ హ్యాండ్ స్పోర్ట్ బైక్ కొన్నాడు. "మామయ్యా, బండి పడితే పాడవకుండా ఏం బిగించాలో అక్కడ చూద్దాం" అన్నాడు. గుంటూరు నుంచి అక్క ఫోన్: "వాడు నీ మాటైతే వింటాడురా తమ్ముడూ." పార్ట్ టైమ్ జీతంలో వాడు దాచుకున్నది కొంచెమే. బండికి రక్షణో, ఒంటికి రక్షణో, ముందు ఒకటే కొనగలడు.

మన ఊళ్ళో బండి కొనగానే ముందు ఇనప క్రాష్ గార్డ్, వెనక చక్రం పక్కన చీర గార్డ్ ఉండాల్సిందే. స్పోర్ట్ బైక్ ఒళ్ళంతా ఫెయిరింగ్ అనే ప్లాస్టిక్ తొడుగు. దానికి అంత పెద్ద గార్డు నప్పదు. బదులుగా ఇంజన్‌ని ఫ్రేముకి కలిపే బోల్టు దగ్గర, రెండు పక్కలా, గట్టి ప్లాస్టిక్ గుబ్బలు బిగిస్తారు. వీటినే క్రాష్ నాబ్స్ అంటారు. ఇక్కడివాళ్ళ నోట 'ఓగీ నాబ్స్' అని కూడా వినిపిస్తుంది.

అక్కడ నిలిపిన బైకుల్ని దగ్గరగా చూస్తే ఎన్నిక ఎలాగో అర్థమైంది. గుబ్బ నేరుగా ఇంజన్ బోల్టు మీద కూర్చుంటే మంచిది. వంకర బ్రాకెట్ చివర వేలాడితే దెబ్బకి బ్రాకెట్ వంగుతుంది, కొన్నిసార్లు ఫ్రేము కూడా దెబ్బ తింటుంది. గుబ్బ ఫెయిరింగ్ కన్నా కాస్త బయటికి ఉంటే చాలు. మరీ పొడుగైతే గడ్డిలోనో కంకరలోనో దిగబడి, జారిపోవాల్సిన బండిని పల్టీ కొట్టిస్తుంది. ఇంజన్ పక్క మూతలకీ తొడుగులు కావాలి. మూత పగిలి నూనె కారితే వెనక వచ్చేవాళ్ళకి ప్రమాదం.

ఇవన్నీ పార్కింగ్‌లో బండి ఒరిగినప్పుడు, మలుపులో జారినప్పుడు బాగా పనికొస్తాయి. ఎదురుగా కారు వచ్చి గుద్దితే పనికిరావు. "సర్వర్ పోతే ఇంకోటి కొంటాం, డేటా పోతే ఎక్కడ కొంటాంరా? ఇక్కడ డేటా నువ్వే" అన్నాను. నవ్వాడు కానీ ఆలోచనలో పడ్డాడు.

ప్రపంచంలో మొదటిసారి బైక్ మీద హెల్మెట్ తప్పనిసరి చేసింది మన విక్టోరియా రాష్ట్రమే, 1961లో. కానీ మామూలు రోడ్డు మీద చట్టం హెల్మెట్ దగ్గరే ఆగుతుంది. జాకెట్, ప్యాంటు, గ్లవ్స్ మన విజ్ఞతకే వదిలేశారు. ఖరీదుని బట్టి నాణ్యత తెలియదు కాబట్టి 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి 'మోటోక్యాప్' అనే పథకం మొదలుపెట్టాయి. గీలాంగ్‌లోని డీకిన్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో ఈ దుస్తుల్ని రోడ్డు మీద రాసుకుపోయినట్టు రాపాడించి, దెబ్బలు కొట్టి పరీక్షిస్తారు. రక్షణకి విడిగా, ఎండలో గాలి ఆడటానికి విడిగా నక్షత్రాలు ఇస్తారు. ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మోటోజీపీ రేసుల్లోనైతే 2018 నుంచి పూర్తి సీజన్ రేసర్లందరూ ఎయిర్‌బ్యాగ్ ఉన్న సూట్ వేసుకోవాల్సిందే.

తిరుగు ప్రయాణంలో కారులోనే మావాడు లెక్క వేశాడు. ముందు మంచి నక్షత్రాలున్న జాకెట్, గ్లవ్స్. తరవాతి జీతంలో ప్యాంటు, బూట్లు. ఆ పైన క్రాష్ నాబ్స్. వరస వాడే చెప్పాడు, వాళ్ళమ్మకి ఫోన్ కూడా వాడే చేశాడు. ఆవిడ "అసలు బండే వద్దు కదరా" అనకుండా, "మరి ఆ జాకెట్ ఎప్పుడు కొంటావు?" అని అడిగింది.

ఈసారి పెంగ్విన్ల కోసం వెళ్ళేటప్పుడు, బైక్ కావాలని అడిగే వయసు పిల్లలు ఇంట్లో ఉంటే, రైడ్ డే చూసుకుని పొద్దున్నే బయల్దేరండి. మలుపులో పడ్డ రైడర్ లేచి దుమ్ము దులుపుకుని నడిచి రావడం కనిపిస్తే, అతను ఏం వేసుకున్నాడో మీ పిల్లలకి చూపించండి. పెంగ్విన్లు ఎలాగూ చీకటి పడ్డాకే వస్తాయి.