పాత ఇంజను, అసలు రంగు

రాయ్‌పుర్ నుంచి బిలాస్‌పుర్ వైపు సాగే రైలుమార్గంలో సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే తిల్దా-నేవరా స్టేషను వస్తుంది. తిల్దా, నేవరా అనే రెండు ఊళ్లు కలిసిపోయి ఒకే పట్టణమైనవి. ఛత్తీస్‌గఢ్‌ను ‘ధాన్యపు గిన్నె’ అంటారు. ఆ గిన్నెలోని గింజ బియ్యమై బస్తా కెక్కే చోట్లలో తిల్దా ఒకటి. రైసుమిల్లుల పొగగొట్టాలు, ఊక గుట్టలు, ఉడికిన వడ్ల వాసన ఈ ఊరి గుర్తులు. పక్కనున్న బైకుంఠ్‌లో సిమెంటు కర్మాగారం ఉన్నది.

ఇది హౌరా–ముంబయి ప్రధాన మార్గం. బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే కంపెనీ నాగ్‌పుర్ నుంచి ఆసన్‌సోల్ దాకా వేసిన లైను 1891లో పూర్తి అయింది. నాటినుంచి తూర్పు పడమరల మధ్య నడిచే సరుకు ఈ ఊరి ముందునుంచే పోతున్నది. బియ్యం, బొగ్గు, ఇనుముతో పాటు అప్పుడప్పుడు బల్లబండ్ల మీద వరుసగా బిగించిన సైనిక వాహనాలు కూడా ఈ పట్టాల మీద పయనిస్తవి.

తిల్దాకు, రాయ్‌పుర్ నగరానికి నడుమ సిల్తరా పారిశ్రామిక ప్రాంతం ఉన్నది. అక్కడ స్పాంజి ఇనుము తయారవుతుంది, ఉక్కు కరుగుతుంది. పాత ఇనుము ఆ కొలుములకు నిత్యాహారం. విరిగిన నాగలి కర్రు, అరిగిన లారీ ఇరుసు, ఎన్నడో యుద్ధానికి వెళ్లివచ్చిన జీపు ఇంజను దిమ్మె, అన్నిటికీ అక్కడ సమాన గౌరవమే. కొలిమిలో పడిన ఇనుముకు ఒక్కటే రంగు, నిప్పు రంగు.

అంతకు ముందు దాని రంగు ఏమిటి? ఈ ప్రశ్న వెర్రి ప్రశ్నగా తోచవచ్చును. కాని పాత సైనిక వాహనాలను పునరుద్ధరించేవారికి ఇంతకంటె పెద్ద ప్రశ్న లేదు. బండి పైరంగు అందరికీ కనిపిస్తుంది, అందరూ దానిని గురించి వాదిస్తారు. బానెట్టు ఎత్తితే కనిపించే ఇంజను రంగును మాత్రం చాలామంది పట్టించుకోరు. ఆ వాహనం అసలు చరిత్ర తరచుగా దాగి ఉండేది అక్కడే.

బూడిదరంగు ఫోర్డు, పచ్చని విల్లీస్

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1941 నుంచి 1945 వరకు, అమెరికాలో సుమారు 6,40,000 జీపులు తయారైనవి. అందులో సగానికి పైగా విల్లీస్ కంపెనీవి, మిగిలినవాటిలో అత్యధిక భాగం ఫోర్డు కంపెనీవి. రెండు కంపెనీలూ ఒకే నమూనాను అనుసరించినవి. ఒక దాని భాగం మరొక దానికి సరిపోవాలని సైన్యం నియమం. రణరంగంలో చెడిన రెండు జీపులను విప్పి ఒక మంచి జీపును కూర్చుకోవడానికి ఈ ఏర్పాటు.

కవలపిల్లల వంటి ఈ బండ్లను వేరుచేసి చూపే గుర్తులలో ఇంజను రంగు ఒకటి. ఫోర్డు తన ఇంజన్లకు బూడిదరంగు పూసింది. విల్లీస్ ఇంజన్లు సైనిక ఆలివ్ రంగుకు దగ్గరగా, కొంచెం బూడిద చాయ కలిసిన పచ్చదనంతో వచ్చినవి. ఆ పచ్చదనం ఎంత, ఆ బూడిద ఎంత అనే విషయం మీద పునరుద్ధరణ నిపుణులు ఈనాటికీ తర్కిస్తూనే ఉన్నారు.

యుద్ధం ముగిసిన తరువాత మిగిలిపోయిన వాహనాలు మన దేశంలో ‘డిస్పోజల్స్’ పేరిట వేలానికి వచ్చినవి. తెలుగునాట కూడా మిలటరీ లారీ అన్న మాట అలాగే ఇంటింటి మాట అయింది. చౌకగా వచ్చిన ఆ బండ్లు ఒకచోట బస్సులైనవి, మరొకచోట కలప మోసినవి. మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చడం ప్రారంభించింది. దానితో యుద్ధకాలపు జీపుకు కావలసిన విడిభాగాలు కూడా కొంతవరకు ఇక్కడే దొరకసాగినవి. ఫలితంగా ఒకే బానెట్టు కింద ఫోర్డు దిమ్మె, విల్లీస్ హెడ్డు, బొంబాయి కార్బురేటరు కాపురం చేయడం వింత కాదు. పైన మాత్రం గ్యారేజీలో దొరికిన ఏదో ఒక ఎనామిల్ అన్నిటినీ ఒకే కుటుంబంగా చూపిస్తుంది.

పొరలు చెప్పే సాక్ష్యం

ఇంజనుకు రంగు అలంకారం కోసం వేసింది కాదు. పోత ఇనుము గాలికి, తేమకు తుప్పు పడుతుంది. రంగు దానికి కవచం. లేతరంగు వేసిన ఇంజను మీద నూనె కారితే వెంటనే తెలుస్తుంది, కనుక మెకానిక్కుకు అది సహాయకారి కూడా. నీటితో చల్లబడే దిమ్మె వేడి సాధారణంగా నీరు మరిగే మట్టానికి అటూ ఇటూ ఉంటుంది. మంచి ఎనామిల్ దానిని తట్టుకుంటుంది. పొగ బయటికి పోయే మానిఫోల్డు మాత్రం వందలాది డిగ్రీలకు వేడెక్కుతుంది. అక్కడ మామూలు రంగు నిలవదు, మాడి రాలిపోతుంది. పునరుద్ధరించిన ఇంజను మీద మానిఫోల్డు కూడా నిగనిగలాడుతూ కనిపిస్తే అది చరిత్ర కాదు, ప్రదర్శన.

అసలు రంగును కనుగొనడం ఒక చిన్న పురావస్తు పరిశోధన. వేడి, వెలుతురు, నూనె మూడూ చేరి రంగును మారుస్తవి. ఎనామిల్ ఏళ్లు గడచిన కొద్దీ పసుపు తిరుగుతుంది. పసుపు తిరిగిన బూడిదరంగు, అనుభవం లేని కంటికి ఆకుపచ్చగా తోస్తుంది. అందుచేత ఎదురుగా కనిపించే భాగాన్ని నమ్మరాదు. స్టార్టరు మోటారు కింద, బిగించిన బ్రాకెట్ల వెనుక, కంపెనీ పలక కింద, ఇలా ఎండ సోకని, చేయి తగలని చోట్ల వెదకాలి. అక్కడ రూపాయి బిళ్ళంత మేర వాటర్‌పేపరుతో తడిపి మెల్లగా గీస్తే ఒకదాని లోపల ఒకటిగా వలయాలు బయటపడతవి. చెట్టు మానులోని వలయాలవలెనే అవి కాలాన్ని చెబుతవి. పైన గ్యారేజీ రంగు, దాని కింద సైనిక వర్క్‌షాపు రంగు, అడుగున ఫ్యాక్టరీ రంగు.

దొరికిన వలయాన్ని పగటి వెలుతురులో, ప్రామాణికమైన రంగుల పలకతో పోల్చి చూడాలి. దీపపు వెలుతురు మోసం చేస్తుంది. అమెరికా 1956లో తన రంగులకు ‘ఫెడరల్ స్టాండర్డ్ 595’ అనే సంఖ్యల పట్టికను ప్రకటించింది. మన దేశంలో ఆ పని ‘ఐ.ఎస్. 5’ అనే ప్రమాణం చేస్తున్నది. అందులో ఆలివ్ గ్రీన్ సంఖ్య 220. సంఖ్య ఉంటే హైదరాబాదులో కలిపిన రంగు, రాయ్‌పుర్‌లో కలిపిన రంగు ఒకటే కాగలవు. ‘కొంచెం ముదురు పచ్చ’ అన్న మాటకు ఊరికొక అర్థం.

ఒక హెచ్చరిక అవసరం. పాతకాలపు రంగులలో సీసం ఉండేది. పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇళ్లకు వాడే రంగులలో సీసం పదిలక్షలకు 90 పాళ్లు మించరాదని మన దేశంలో 2017 నవంబరు నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. అంతకు ముందరి పొరలకు ఆ రక్షణ లేదు. తడిపి గీకడం, ముక్కుకు తగిన మాస్కు కట్టుకోవడం, పిల్లలను దూరంగా ఉంచడం పనివాని ధర్మం.

జబల్‌పుర్ దారి

తిల్దా మీదుగా పోయే అమరకంటక్ ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పుర్, శహ్‌డోల్, కట్నీ దాటి జబల్‌పుర్ చేరుతుంది. స్వతంత్ర భారత సైన్యపు చక్రాలకు అది పుట్టినిల్లు. 1904లో నెలకొన్న గన్ క్యారేజి ఫ్యాక్టరీలో 1959లో జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో ‘శక్తిమాన్’ లారీల నిర్మాణం మొదలైంది. 1969లో వెహికల్ ఫ్యాక్టరీ వెలిసింది. అక్కడి నుంచి వచ్చిన ‘జోంగా’ జపాను నిస్సాన్ నమూనాకు మన దేశపు రూపం. ‘జబల్‌పుర్ ఆర్డ్నెన్స్ అండ్ గన్ క్యారేజి అసెంబ్లీ’ అనే మాటల తొలి అక్షరాలే దాని పేరు. 1999లో దాని తయారీ ఆగిపోయింది. 2019లో క్రికెటరు మహేంద్రసింగ్ ధోనీ రాంచీ వీధులలో జోంగా నడుపుతూ కనిపించినప్పుడు ఆ పేరు కొత్త తరానికి పరిచయమైంది.

2021 అక్టోబరు 1న ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీల బోర్డు రద్దయి ఏడు ప్రభుత్వ కంపెనీలు ఏర్పడినవి. జబల్‌పుర్ వెహికల్ ఫ్యాక్టరీ, తెలంగాణలోని ఎద్దుమైలారంలో 1984లో స్థాపితమై ‘శరత్’ యుద్ధ శకటాలను అందించిన ఫ్యాక్టరీ ఇప్పుడు ఒకే కంపెనీ కిందికి వచ్చినవి. యంత్రాల తరాలు మారుతున్నవి. పాత తరాన్ని గుర్తుంచుకొనే పని మ్యూజియాలది, అభిమానులది. అహిల్యానగర్‌గా పేరు మారిన అహ్మద్‌నగర్‌లో 1994 నుంచి ఉన్న అశ్వికదళ టాంకుల మ్యూజియం అటువంటిదే.

చట్టం ఒప్పని రంగు

మన దేశంలో పునరుద్ధరణకు ఒక విచిత్రమైన చిక్కు ఉన్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 121వ నిబంధన ప్రకారం రక్షణశాఖ వాహనాలకు తప్ప ఇతర వాహనాలకు ఆలివ్ గ్రీన్ రంగు వేయరాదు. దొంగ సైనిక వాహనాలు రోడ్డెక్కితే కలిగే ప్రమాదాన్ని తలచుకుంటే ఆ నియమంలో అర్థం ఉన్నది. కాని దాని ఫలితంగా, వేలంలో కొన్న జీపును రోడ్డు మీద నడపదలచిన పౌరుడు దాని అసలు పైరంగును వదులుకోవలసిందే. బానెట్టు కింద ఫోర్డు బూడిదరంగుకు మాత్రం ఏ నిబంధనా అడ్డురాదు. బయట మారువేషం, లోపల నిజస్వరూపం.

2021 జూలైలో 50 ఏళ్లు దాటిన వాహనాల నమోదుకు కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నియమాలు ప్రకటించింది. ఛాసీస్, బాడీ, ఇంజను గణనీయమైన మార్పులకు లోను కాకూడదని అవి కోరుతున్నవి. అంటే ఇంజను గుర్తింపు ఇప్పుడు అభిరుచి మాత్రమే కాదు, దస్తావేజు కూడా.

ఏనాటి రంగు నిజం?

ఇన్ని పరీక్షలూ చేసిన తరువాత అసలైన చిక్కు మిగులుతుంది. ఫ్యాక్టరీనుంచి వచ్చిననాటి రంగా? సైనిక వర్క్‌షాపు ఇంజను విప్పి బాగుచేసి మళ్లీ పూసిన రంగా? సైన్యంలో ఒక ఇంజను జీవితమంతా ఒకే బండిలో గడవదు. ఒక జీపు నుంచి తీసింది మరమ్మతు అయి మరొక జీపులోకి పోతుంది. విల్లీస్ బండిలో బూడిదరంగు ఇంజను కనిపిస్తే అది తప్పు అని తుడిచివేసేవారు, ఆ బండి చూసిన ఒక యుద్ధపు రాత్రిని, ఒక సిపాయి చేతి పనిని కూడా తుడిచివేస్తున్నారు.

ఇసుక చిమ్మి ఇంజనును వెండిలా మెరిపించడానికి ఒక పూట చాలు. ఆ పూటలో నాలుగైదు దశాబ్దాల పొరలు ఎగిరిపోతవి, వాటిని తిరిగి తేగల కంపెనీ ఏదీ లేదు. అందుకనే తెలిసినవారు ముందుగా ఫోటోలు తీస్తారు, పొరల సంఖ్యలు రాసుకుంటారు, కనబడని మూల ఒకచోట బెత్తెడు మేర పాత రంగును ముట్టుకోకుండా వదిలివేస్తారు. రేపు తమకంటె తెలిసినవాడు వస్తే అతడు చదువుకోవడానికి ఆ బెత్తెడు చాలును.

సిల్తరా కొలుములు ఎప్పటివలెనే మండుతవి, వాటికి ఇనుము కావాలి. ప్రతి పాత బండినీ కాపాడడం ఎవరి తరమూ కాదు, అవసరమూ లేదు. కాని కాపాడిన ఆ కొద్దింటినైనా నిజంగా కాపాడాలి. పైమెరుగు చూచి మురిసిపోయే వారసులకు వాహనం దక్కుతుంది. బానెట్టు ఎత్తి చూచే వారసులకే దాని కథ దక్కుతుంది.