పల్నాటి ఎండ - పిడుగురాళ్ళ సున్నం

పల్నాడు అనగానే మనకు బ్రహ్మనాయుడూ, నాగమ్మా, కోడిపందేలూ, కారెంపూడి యుద్ధమూ జ్ఞాపకం వస్తాయి. కాని ఆ సీమలో ఏటా మరొక యుద్ధం జరుగుతుంది. అది ఎండతో చేసే యుద్ధం. మార్చిలో మొదలై తొలకరి పడేదాకా సాగుతుంది. ఈ యుద్ధానికి పనికివచ్చే చవక ఆయుధం ఒకటి పల్నాటి నేలలోనే ఉంది. అదేమిటో చూసి వద్దాం, రండి.

మొదట నరసరావుపేట. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊరు దానికి ముఖ్యపట్టణం అయింది. దగ్గరలోనే కోటప్పకొండ ఉంది. శివరాత్రి తిరనాళ్ళకు చుట్టుపక్కల గ్రామాలవాళ్ళు ఎంతో ఎత్తయిన ప్రభలు కట్టి, వాటి నిండా విద్యుద్దీపాలు పెట్టి తెస్తారు. రాత్రివేళ అవి వెలుగుతుంటే చూడటానికి రెండు కళ్ళూ చాలవు.

దీపాల మాట వచ్చింది గనక ఒక చిన్న లెక్క చేద్దాం. 1,000 వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. పాతరకం 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటల చొప్పున వెలిగితే నెలకు 9 యూనిట్లు అవుతుంది. ఇంచుమించు అంత వెలుతురే ఇచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు ఒకటిన్నర యూనిట్ కూడా పట్టదు. పాత బల్బు తీసుకున్న కరెంటులో చాలాభాగం వేడిగా మారిపోతుంది. దాన్ని ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది అందుకే! 2014లో మన రాష్ట్రంలో ఎల్.ఇ.డి. బల్బులను ఇళ్ళకు చవకగా పంచటం మొదలుపెట్టినప్పుడు, ముందుగా ఎంచుకున్న నాలుగు జిల్లాలలో గుంటూరు ఒకటి. పల్నాడు అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది.

కాబట్టి దీపాల సంగతి తేలికగానే తేలిపోయింది. వేసవిలో కరెంటు బిల్లు పెరిగేది దీపాలవల్ల కాదు, ఫ్యాన్లూ, కూలర్లూ, ఏ.సి.లవల్ల. పైగా ఇళ్ళకు యూనిట్లు పెరిగినకొద్దీ యూనిట్ రేటు కూడా పెరుగుతుంది. అందుచేత బీదవాళ్ళు, ఇల్లు నిప్పుల కుంపటిలా ఉన్నా కూలరు వేయటానికి వెనకాడతారు. అటువంటి ఇంట్లో చంటిపిల్లలకూ ముసలివాళ్ళకూ వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఇది డబ్బు విషయం మాత్రమే కాదు, ప్రాణాల విషయం.

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ళకు పోదాం. ఈ ఊరు సున్నానికి పేరుపడింది. పల్నాటి నేలలో సున్నపురాయి కొల్లలుగా ఉంది. దాన్ని బొగ్గుతో కలిపి బట్టీలలో కాలుస్తారు. సుమారు 900 డిగ్రీల వేడికి రాతిలోని బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, పైకి పోయి సున్నం మిగులుతుంది. దీనిమీద నీళ్ళు పోస్తే పొయ్యి లేకుండానే కుతకుతా ఉడుకుతుంది. ఆ తరవాత దాన్ని పలచగా కలిపి గోడకు పూశామనుకోండి, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మళ్ళీ పీల్చుకుని తిరిగి సున్నపురాయిగా మారిపోతుంది! గోడకు పట్టుకున్న వెల్ల నిజానికి పలచని రాతిపొర అన్నమాట.

ఇక్కడ రైలు ఎక్కితే నడికుడి, గురజాల దాటి రెంటచింతల వస్తుంది. ఎండాకాలంలో పత్రికలు చదివేవాళ్ళకు ఈ పేరు బాగా తెలుసు. రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువ ఎండ కాసే ఊళ్ళలో ఇది ఒకటి. 45 డిగ్రీలు దాటటం ఇక్కడ కొత్త కాదు. ఇటువంటి ఊళ్ళో సిమెంటు డాబా పగలంతా ఎండను తాగుతుంది. పొద్దుగూకాక ఆ వేడిని మెల్లిగా గదిలోకి వదులుతుంది. బయట చల్లగాలి మొదలైనా లోపల ఉక్క తగ్గకపోవటానికి కారణం ఇదే. అప్పుడు ఫ్యాను వేస్తే ఏమవుతుంది? ఫ్యాను గదిని చల్లబరచదు. మన ఒంటిమీది చెమటను ఆర్పి మనకు మాత్రం హాయి కలిగిస్తుంది. అందుకే ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాను వల్ల కరెంటు దండుగ తప్ప లాభం లేదు.

ఇంట్లోకి వచ్చిన వేడిని కరెంటు ఖర్చుపెట్టి వెళ్ళగొట్టేకన్న, దాన్ని రాకుండా ఆపటం చవక. పిడుగురాళ్ళ సున్నం పనికివచ్చేది ఇక్కడే. తెల్లని వెల్ల తనమీద పడిన ఎండలో చాలాభాగాన్ని తిప్పికొడుతుంది. మాసిన సిమెంటు మాత్రం చాలాభాగాన్ని మింగేస్తుంది. ఎండలు ముదరకముందే డాబాను శుభ్రంగా ఊడ్చి, కడిగి, సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేస్తే చాలు. వానలకు కొంత కొట్టుకుపోతుంది గనక ఏటా వేయించుకోవాలి. అయితే పిల్లలు సున్నం జోలికి పోరాదు. అది చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే మరీ ప్రమాదం. ఆ పని పెద్దవాళ్ళది.

దీనివల్ల కరెంటు నిజంగా తగ్గుతుందా అని మీరు అడగవచ్చు. హైదరాబాదులో శాస్త్రజ్ఞులు ఆఫీసు భవనాల కప్పులకు తెల్లపూత వేసి, ఏ.సి.లకు అయ్యే కరెంటును కొలిచారు. ఆ లెక్కలు 2012లో ప్రకటించారు. మామూలు సిమెంటు కప్పును తెల్లగా చేస్తే, చల్లదనం కోసం అయ్యే కరెంటులో నూటికి 10 నుంచి 19 వంతులు మిగులుతుందని అంచనా వేశారు. నల్లని కప్పు అయితే 14 నుంచి 26 వంతులు మిగిలింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇటువంటి చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది.

రైలు చివరకు మాచర్ల చేరుతుంది. ఇక్కడి చెన్నకేశవస్వామి ఆలయంలో రాతిపని చూడదగినది. దళసరి రాతిగోడ ఎండకు వెంటనే వేడెక్కదు. మండుటెండలో వచ్చి అటువంటి గోడల మధ్య కూర్చుంటే ప్రాణం లేచివస్తుంది. మన కొత్త ఇళ్ళ గోడలు పలచన గనక, మనం వేరే ఉపాయాలు పన్నాలి. పగలు ఎండవైపు కిటికీలు మూసి, రాత్రి అన్నీ తెరవాలి. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లితే, ఆ నీరు ఆవిరి అవుతూ వచ్చే గాలిని చల్లబరుస్తుంది. పడమటివైపు వేపచెట్టు పెంచితే సాయంకాలపు ఎండ గోడను తాకదు. దుకాణాలవాళ్ళు ఏ.సి. వేసినప్పుడు తలుపు మూసి ఉంచాలి; దాన్ని 18 దగ్గర కాక 24 డిగ్రీల దగ్గర పెట్టాలి. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు నూటికి 6 వంతుల కరెంటు ఆదా అవుతుందని అంచనా.

ఇదంతా మీరే పరీక్షించి చూడవచ్చు. ఒకే మాదిరి రేకుడబ్బాలు రెండు తీసుకుని, ఒకదానికి పెద్దవాళ్ళచేత వెల్ల వేయించి, రెండోదానికి మసి పూయండి. రెండింటిలోనూ సమంగా నీళ్ళు పోసి, మూతలు పెట్టి, రెండు గంటలు ఎండలో ఉంచండి. తరవాత నీళ్ళలో వేలు పెట్టి చూడండి. ఏ డబ్బాలో నీళ్ళు ఎక్కువ వేడెక్కాయో అమ్మకూ నాన్నకూ చూపించి, మన డాబా ఏ డబ్బాలాగా ఉండాలో వాళ్ళనే అడగండి.