గడ్డం కింద వాపు వస్తే



హోసూరు రోడ్డులోని కిద్వాయి ఆసుపత్రి 1973లో మొదలైంది. అనంతపురం, చిత్తూరు వైపు మనవాళ్లు ఎందరో క్యాన్సర్ అనగానే అక్కడికే బండెక్కుతారు. నోటి, గొంతు క్యాన్సర్‌తో వచ్చేవాళ్లకు తోడుగా వెళ్తుంటాం కాబట్టి మేము ఒక మాట చెప్పాలి.

చికిత్స ముగిసి ఊరెళ్లిన కొన్నాళ్లకు ఫోన్ వస్తుంది. "అన్నా, గడ్డం కింద వాచింది. జబ్బు తిరగబెట్టిందా?" ఆ వణుకు మాకు అలవాటే.

ఒంట్లోని లింఫ్ గ్రంథుల్లో సుమారు మూడో వంతు తల, మెడ భాగంలోనే ఉంటాయి. ఆపరేషన్‌లో కొన్ని తీసేస్తారు. రేడియేషన్‌తో మిగతా దారులు గట్టిపడతాయి. తూము పూడితే మడిలో నీళ్లు నిలిచినట్టు, లింఫ్ ద్రవం గడ్డం కింద నిలుస్తుంది. పొద్దున లేవగానే ఎక్కువ, తిరిగేకొద్దీ తగ్గుతుంది. లోపల వాస్తే మింగడం, మాట్లాడటం కష్టం.

ముందు డాక్టరుకు చూపించి, జబ్బు కాదని తేల్చుకోండి. నూనె రాసి గట్టిగా రుద్దొద్దు. శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు నేర్పే పద్ధతి వేరు. చర్మం కదిలేంత మెత్తగా, ముందు చంకలు, కాలరెముక దగ్గర మొదలుపెట్టి, తర్వాత మెడ, ముఖం. కింద కాలవ తీస్తేనే కదా పైమడి నీళ్లు దిగేది! రాత్రి తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. వాపు ఎర్రబడి జ్వరమొచ్చినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

డిశ్చార్జి రోజే ఈ చికిత్స గురించి అడగండి. కన్నడం రాదని ఊరుకోవద్దు. మమ్మల్ని పిలవండి, పక్కన నిలబడి అడుగుతాం.