దెందులూరు దారిలో మాయలాడులు

బెజవాడనుండి రాజమహేంద్రవరము పోవు రైలుమార్గమున ఏలూరు దాటినంతనే వచ్చు చిన్న స్టేషను దెందులూరు. పాసింజరుబండి క్షణకాలము నిలిచి కదలిపోవును. ఉత్తరమున వేంగిరాజుల పెదవేగి యున్న మెట్టసీమ. దక్షిణమున కొల్లేటివంకకు దిగు పల్లపుచేలు. 1925వ సంవత్సరము మొదలు పశ్చిమగోదావరి జిల్లాలో నుండిన యీ యూరు 2022 ఏప్రిలు 4వ తేదీనుండి ఏలూరు జిల్లాలో చేరినది. పాతకట్టడములు చూడగోరువారు పెదవేగికో, గుంటుపల్లి గుహలకో పోవుదురుగాని దెందులూరున దిగువారరుదు. నేను దిగుటకు కారణము వేఱు.

పురుషులను మోసగించు స్త్రీలను గూర్చి మన తెలుగున పలు చలనచిత్రములు వచ్చినవి. ఆ చిత్రములను తలపోయుచుండగా, కథ వ్రాసినవారో, తీసినవారో, వేషము గట్టినవారో, ఎవరో యొకరు తాడేపల్లిగూడెము, ఏలూరు చుట్టుపట్లవారే యగుట నాకు విశేషముగ దోచినది. పచ్చని చేలు, కాలువలు, కొబ్బరిచెట్లు గల యీ శాంతమైన సీమ ఇందరు మాయలాడులను మన తెరకిచ్చినదా యని చూడబోయితిని.

మొదటి మాయలాడి చింతామణి. వీరవాసరమునకు చేరువనున్న మత్స్యపురి కాళ్లకూరి నారాయణరావుగారి జన్మస్థానము. 1871లో జనించిన యీ కవిగారి "చింతామణి" నాటకము పేరు వినని తెలుగిల్లు లేదు. వినియు ఆ పేరు పెద్దలయెదుట పలుకని తరములును గలవు. వేశ్యయగు చింతామణియు, తల్లి శ్రీహరియు, చెల్లెలు చిత్రయు గలసి భవానీశంకరుని, సుబ్బిశెట్టిని, బిల్వమంగళుని ఒకరివెనుక నొకరిని ఒలిచివేయుదురు. ఇది 1933లోనే టాకీగా వచ్చినది. మఱల 1956లో భానుమతిగారు చింతామణిగను, నందమూరి తారకరామారావుగారు బిల్వమంగళుడుగను నటించిరి. టాకీలకు ముందు రంగస్థలముపై ఆ వేషమున పేరుగాంచినవారిలో స్థానం నరసింహారావుగారొకరు. పురుషుడే స్త్రీయై పురుషులను వంచించుచుండ, టిక్కెట్టు కొన్న పురుషులు ముగ్ధులై చూచుచుండిరన్నమాట! ఇందెవరు ఎవరిని మోసగించిరో లెక్క తేల్చుట కష్టము.

ఆ కథను మన కన్నులతో నొకసారి చూడుడు. బిల్వమంగళుడు ఇంట రాధవంటి యిల్లాలినుంచుకొని చింతామణి గడప ద్రొక్కెను. శెట్టిగారు దుకాణపు సొమ్ము మూటగట్టుకొని తామే వచ్చిరి. ఆమె చేసినదల్లా తలుపు దెఱచుటయే. కొల్లేటి జాలరులు వెదురుపుల్లలతో నల్లిన మావును నీటిలో నుంచి యింటికిబోవుదురు. చేపను లోనికి తఱుమువారెవరును ఉండరు, అదియే దూరును. ఈ నాటకమున మావునకే శిక్ష పడినది. కడపట చింతామణి పశ్చాత్తాపపడి, గడించినదంతయు విడిచి, విరక్తురాలగును. బిల్వమంగళుడో, లీలాశుకుడను పేర భక్తశిఖామణి యగును. అతని యిల్లాలి నగలు తిరిగివచ్చినవో లేదో యడుగువారు లేరు.

ఇట్టి నాటకముపై 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిషేధపుటుత్తరువు వెలువరించినది. సుబ్బిశెట్టి పాత్ర తమ కులమును అవమానించుచున్నదని ఆర్యవైశ్య సంఘములవారు చేసిన ఆక్షేపణ దానికి కారణము. ప్రదర్శకులు ఆ పాత్రకు చేర్చుచు వచ్చిన మోటుహాస్యము నేనెఱుగుదును. ఆ ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. కాని నూఱేండ్ల తరువాత గూడ గోల పుట్టినది మోసపోయిన పురుషుని మర్యాదను గూర్చియే గదా యని నవ్వు వచ్చినది.

అదే కవిగారు వ్రాసిన "వరవిక్రయము" నాకు మిక్కిలి ప్రియమైనది. సి. పుల్లయ్యగారు దీనిని 1939లో చిత్రముగా దీసిరి. అందు పెద్దకూతురు కాళింది భానుమతిగారు. అదే వారి తొలిచిత్రము. చెల్లెలు కమల వేషము ధరించినది పుష్పవల్లి. తాడేపల్లిగూడెము ప్రక్కనున్న పెంటపాడు ఈమె పుట్టినయూరు. 1926లో పుట్టిన యీ బాలకు అప్పటికి నిండ పదునాలుగేండ్లు లేవు. తరువాతికాలమున హిందీ చిత్రసీమ నేలిన రేఖ ఈమె కూతురే.

కథ మీలో పెక్కుమంది యెఱిగినదే. పరమలోభియైన సింగరాజు లింగరాజు తన దత్తపుత్రుని కట్నమునకు బేరము పెట్టును. తండ్రి ఆస్తి తనకొఱకు హరించిపోవుట చూడలేక కాళింది ప్రాణత్యాగము చేయును. పుచ్చుకొన్న కట్నము తిరిగి యీయ నొల్లని లింగరాజునకు చెల్లెలు కమల కోడలగును. మామగారు సంతోషించును, సొమ్ము చేత నున్నది, కోడలు రానున్నది. అప్పుడీ పిల్ల యెదురుతిరిగి, సొమ్ము పోసి కొన్న వరుడు కొన్నవారి సొత్తే కాని అమ్మినవారిది కాదని వాదించి, మగని తన చెంతనే నిలుపుకొనును. లింగరాజు నోరు మూతపడును. దీనిని మోసమందురా? లోకములో చెల్లుచున్న బేరపు న్యాయమునే తీసి, బేరగాని మెడకు చుట్టినది. కట్నము నిషేధించుచు 1961లో చట్టము వచ్చినది. నేటికిని పెండ్లిచూపులనాడు "మీ యిష్టమండీ" యను మెత్తనిమాట వెనుక ఏమున్నదో ఆడపిల్లల తల్లులకు నేను చెప్పనక్కఱలేదు. అయినను మన సినిమాలలో కమలవంటివారు తక్కువ, చింతామణివంటివారెక్కువ.

తాడేపల్లిగూడెమునుండి రైలు పూళ్ల, భీమడోలు మీదుగా దెందులూరు చేరును. ఈ మండలములోనిదే సోమవరప్పాడు. ఎల్. వి. ప్రసాదుగారు 1908లో ఆ యూరనే పుట్టిరి. ఇంటిని అప్పులు చుట్టుకొన్న దినములలో, వివాహితుడయ్యును, ఇంట జెప్పకయే బొంబాయి పోయి, అచ్చట చిల్లరపనులు చేసి, హిందీ తొలిటాకీ "ఆలం ఆరా"లోను, తెలుగు "భక్తప్రహ్లాద"లోను చిన్నవేషములు గట్టిరి. క్రమముగా దర్శకులై 1982వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమందుకొనిరి.

ఆయన తీసిన "మిస్సమ్మ" 1955 జనవరిలో వచ్చినది. భార్యాభర్తలైన పట్టభద్రులకే ఉపాధ్యాయపదవు లిత్తునని జమీందారు ప్రకటించును. క్రైస్తవకన్యయగు మేరీ, ఎవరో తెలియని హిందూయువకుని ప్రక్కన నిలిచి అతని భార్యనని చెప్పి ఆ కొలువు సంపాదించును. లెక్కకిది వంచనయే. కాని ఆమె వెనుక డేవిడను అప్పులవాడు తఱుముచున్నాడు. బాకీకి మాఱుగా పిల్లనే కోరుచున్నాడు. అప్పుభయ మెఱిగిన యింటినుండి వచ్చిన దర్శకుడు గనుకనేమో, ఈ కల్లలాడు పిల్లను ప్రసాదుగారు ఒక్కచోటను చులకన చేయలేదు. సావిత్రి మొగమున ఆ చిఱాకు, ఆ సిగ్గు, ఆ మొండితనము చూచి మనము నవ్వుదుము; ఆమెను నిందింపము. ఆ సంవత్సరమే "కన్యాశుల్కము"లో మధురవాణి వేషముగూడ సావిత్రిదే. రామప్పపంతులను వ్రేలిపై నాడించిన ఆ వేశ్య, చిక్కులోనున్నవారికి సాయపడినది గాని నోరులేనివారినెన్నడు వంచింపలేదు.

ఈ మండలముననే కొవ్వలి కలదు. నేను రావలెనని తలచినది నిజమునకు ఆ యూరికే. 1960 డిసెంబరు 2వ తేదీన అచ్చట విజయలక్ష్మి యను బాలిక పుట్టినది. పేదయిల్లు. చదువు త్వరగనే ఆగినది. పెండ్లి చిన్నతనముననే జరిగినది. ఆ కాపురము నిలువలేదు. ఇల్లు విడిచి చెన్నపట్నము చేరినది. 1980లో "వండిచక్కరం" అను తమిళచిత్రమున వేసిన పాత్రపేరు ఆమెకు అంటుకొని, లోకమునకు సిల్కుస్మిత యైనది. దక్షిణదేశపు భాషలన్నిట వందలకొలది చిత్రములు. దర్శకులు విరివిగ నిచ్చినది ఒక్కటే వేషము: మగవానిని మరపించి, మోహపెట్టి, సంసారమున చిచ్చుపెట్టు మాయలాడి. ఆమె పాటయున్న కారణముననే బొమ్మ అమ్ముడువోయిన దినములుండెడివి. తానే చిత్రనిర్మాణమునకు దిగి నష్టపడినది. 1996 సెప్టెంబరు 23న చెన్నపట్నమున తన యింట ప్రాణము తీసికొన్నది. అప్పటికి ముప్పదియాఱేండ్లు నిండలేదు. ఆమె జీవితఛాయతో 2011లో "ది డర్టీ పిక్చర్" అను హిందీచిత్రము వచ్చి, నటించిన విద్యాబాలన్‌కు జాతీయపురస్కారము దెచ్చినది.

ఒకే మండలమునుండి ఇద్దరు ఇల్లు విడిచి పోయిరి. పురుషుడు చెప్పకుండ పోయిన కథను సాహసమని చెప్పుకొందుము, బిడ్డలకు వినిపింతుము. ఆడుపిల్ల పోయిన కథకు గొంతు తగ్గింతుము. తెరమీద ఎందఱు మగవారి కొంపలు దీసిన మాయలాడియో ఆమె! ఆ చిత్రములపై సొమ్ము గడించినవారెవరని లెక్క వేసినచో, ఆ జాబితాలో ఆమె పేరు ఎంత దిగువనుండునో! మనమైనను తక్కువవారము కాము. ఆ పాట వచ్చినపుడు మొగము త్రిప్పుకొని, తప్పంతయు ఆమెదే యన్నట్లు గొణిగితిమి. ప్రక్కకుర్చీలో రెప్పవేయక చూచినవారిని ఏమియు ననలేదు.

కొవ్వలిలో అరుగుపై కూర్చుండి చింతపండు గింజ దీయుచున్న యొక ముసలమ్మను ఆమెను గూర్చి యడిగితిని. ముందు నన్ను ఎగాదిగ చూచి, పిమ్మట పీట జరిపి కూర్చుండుమన్నది.

"మా ఊరి పిల్లేనమ్మా. మా ఆయన ఆ పిల్ల సినిమా వస్తే చాలు ఏలూరెళ్ళి చూసొచ్చేవోరు. వొచ్చి నా దగ్గిర తిట్టేవోరు, ఊరి పరువు తీసిందని. మళ్ళీ వారం మళ్ళీ ఎళ్ళేవోరు."

"మీరెప్పుడైనా చూశారా, పిన్నిగారూ?"

"నన్నెవరు తీసుకెళ్తారమ్మా? టీవీలో చూశాను, మా ఆయన పోయాక. మంచి కళ్ళమ్మా దానివి."

అంతటితో ఆమె గింజలలో పడినది. కొవ్వలినుండి ఏలూరునకు దూరము స్వల్పమే, ఆటోలు దొరకును. సంజవేళ పోవువారికి దారిపొడుగున చేలమీదుగ కొల్లేటివైపు మరలిపోవు కొంగలబారులు కనబడును.