కవరు మీద చెయ్యి

తాలూకా కోర్టుల్లో వకీలు దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ అడిగేది ఒకటే: “కేసు గెలుస్తామా సార్?” గెలుస్తామనడం తేలిక, ఫీజు కూడా వెంటనే చేతికొస్తుంది. కాగితాలు చదవకముందే అలా మాటిచ్చే వకీళ్లంటే నాకు కోపం. ఓడిన రోజు మునిగేది వాళ్లు కాదు.

అన్నదమ్ముల పంపకాల దావా కోసం వచ్చిన పెద్దాయన్ని గమనించండి. పాలిథిన్ కవరులో పట్టాదారు పాసుపుస్తకం, మడతల దగ్గర చిరిగిన రిజిస్టరు దస్తావేజు, తండ్రి నాటి శిస్తు రసీదులు. కవరు బల్ల మీద పెడతాడు గానీ ఒక చెయ్యి దాని మీద నుంచి తియ్యడు. తప్పేముంది? ఆయన భూమంతా అందులోనే ఉంది. ఎదురుగానే జిరాక్సు తీయించి అసలు కాగితాలు అప్పుడే చేతిలో పెట్టాలి. అసలువి కోర్టులో దాఖలు చెయ్యక తప్పకపోతే ఒక్కొక్కటీ నంబరుతో సహా రాసి, సంతకం చేసి రసీదు ఇవ్వాలి.

ఆ రసీదు జేబులో పెట్టుకున్నాక అసలు సంగతి బయటికొస్తుంది: “చెల్లెలికి పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చాం సార్. నోటిమాటే, కాగితం లేదు.”

కేసు కీలకమంతా అక్కడే ఉంది. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. 2005లో కేంద్ర సవరణ పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది. “మీ చెల్లెలికీ వాటా ఉంటుంది పెద్దాయనా, ఆమెను చేర్చకపోతే దావా నిలవదు” అని ఆ పూటే చెప్పాలి. ఆయన మొహం మాడ్చుకుని, కవరు తీసుకుని ఇంకో వకీలు దగ్గరికి పోవచ్చు. పోయినా సరే, ఆయన చెప్పిన సంగతి మన నోటివెంట రాకూడదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 126వ సెక్షనుగా ఉన్న ఈ కట్టుబాటు కొత్త సాక్ష్య అధినియమంలో 132గా కొనసాగుతోంది, వకాలత్ ముగిసినా వర్తిస్తుంది. నేరం చెయ్యడానికి సలహా అడిగితే మాత్రం ఆ రక్షణ ఉండదు.

ఫీజు సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. గెలిస్తే భూమిలో ఇంత వాటా అనే బేరం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. పుచ్చుకున్న ప్రతి రూపాయికీ లెక్క రాయాలి.

ఎక్కువమంది మనసు విరిగేది వాయిదాల దగ్గర. ప్రతి కేసుకూ ఉండే సీఎన్ఆర్ నంబరు కొడితే తర్వాతి తారీఖు ఫోన్లోనే కనిపిస్తుంది. అయినా ఆ ఇంగ్లీషు ముక్క పెద్దాయనకు చాలదు, ఎందుకు వాయిదా పడిందో వకీలే చెప్పాలి. తానే గడువు అడిగిన రోజు అది కూడా చెప్పాలి. జడ్జిగారు సెలవని తప్పించుకుంటే కుదరదు, బంట్రోతు కేసు పిలిచినప్పుడు ఆయన హాలు బయట బెంచీ మీదే ఉన్నాడు. “నేనే టైము అడిగాను, పాత అడంగల్ నకలు ఇంకా రాలేదు, వచ్చే వాయిదాలోగా కావాలి” అంటే, ఆయన అటునుంచటే బస్సెక్కి తహసీల్దారు ఆఫీసుకు పోతాడు.