రెండో బల్బు

పిల్లలూ! ఈ వేసవిలో మధురవాడలో మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఇందులో తొందరపడినవాడు కుర్రవాడు కాడు. ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైన నేనే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు మా వీధికి రోజులతరబడి కరెంటు లేదు. అప్పుడు ఐదో తరగతి చదువుతున్న మా మేనల్లుడు కొవ్వొత్తి ముందు కూర్చుని, "పగటి ఎండను రాత్రికి దాచుకోలేమా, మావయ్యా?" అని అడిగాడు. ఆ మాట వాడు మరిచిపోలేదు. ఇప్పుడు వాడిది ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. పగలు 24 వోల్టుల సోలారు లైనునుంచి 12 వోల్టుల బాటరీని నింపడం, రాత్రి ఆ బాటరీతోనే 24 వోల్టుల దీపాలు వెలిగించడం, ఇదీ వాడి ప్రాజెక్టు.

దీనికి రెండు దిక్కులా పనిచేసే పవర్ కన్వర్టరు కావాలి. ఇంజనీర్లు సొంత యంత్రం కట్టేముందు పరీక్షించి చూసుకోవడానికి అరచేతంత బోర్డులు అమ్ముతారు. వాటిని ఎవాల్యుయేషన్ బోర్డులంటారు. మావాడు రెండు వేసవులు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బంతా పెట్టి ఒకటి కొన్నాడు.

24ను 12కు దించడం బక్. 12ను 24కు ఎక్కించడం బూస్ట్. మీరు పాలలో కలుపుకొనే బూస్ట్ కాదు సుమా! సింహాచలం కొండ దిగే ఎలక్ట్రిక్ కారులో కూడా ఈ పనే జరుగుతుంది. దిగేటప్పుడు మోటారే జనరేటరు అవుతుంది. దాని వోల్టేజి బాటరీకంటె తక్కువైనా, దాన్ని పైకెత్తి బాటరీలోకి పంపుతారు.

ఎత్తడం ఎలాగంటారా? నీళ్లు జోరుగా వస్తున్న కుళాయిని ఠక్కున కట్టేయండి. గొట్టం దభీమంటుంది. పారే నీరు ఒక్కసారి ఆగనంటుంది; ఆ విసురుకు ఒత్తిడి పెరుగుతుంది. ఈ విసురుతోనే, నీరు వచ్చిన ఎత్తుకంటె పైకి నీటిని పంపే పంపును 1796లో మోంగోల్ఫియే అనే ఫ్రెంచివాడు చేశాడు. బెలూను ఎగరేసిన అన్నదమ్ములలో ఒకడే ఇతను. కరెంటుకు రాగితీగ చుట్ట అటువంటి గొట్టం. చుట్టలో కరెంటు పారనిచ్చి, స్విచ్చి తీస్తే, అది ఆగనని మొరాయించి బాటరీ వోల్టేజికి తన వోల్టేజి కూడా జోడిస్తుంది. బోర్డులోని స్విచ్చి ఈ పని సెకనుకు లక్షసార్లు చేస్తుంది.

బక్‌లో బోర్డు చక్కగా పనిచేసింది. బాటరీలోకి 1 ఆంపియరు పోతున్నది. బూస్ట్‌కు మార్చి, 24 వోల్టుల 21 వాట్ల లారీ బల్బు ఒకటి తగిలించాం. వెలిగింది. రెండోది తగిలించగానే రెండూ వెలిగి, ఆరి, మళ్లీ వెలిగి, మళ్లీ ఆరాయి, మిణుగురుల్లాగా!

మర్నాడు సాయంత్రం కూడా అంతే. బాటరీ దగ్గర మీటరు పెట్టాను. 12.3 వోల్టులు. బాటరీలో లోపం లేదు. "ఒరే, చిప్పు మాడింది. ఊడదీసి వేరేది వేసుకో" అన్నాను. నామాట వాడికి వేదం. సోల్డరింగు ఐరన్ వేడిచేశాడు. గోరంత చిప్పు అది. ఊడదీస్తే బోర్డు బతకడం కష్టం.

వాడి చెల్లెలు తొమ్మిదో తరగతి. అంతవరకు గడపమీద కూర్చుని చూస్తున్న ఆ పిల్ల, "మావయ్యా, మాడిపోయిన చిప్పు ఒక బల్బునైనా ఎలా వెలిగిస్తుందీ?" అన్నది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఐరన్ పక్కన పెట్టమన్నాను.

ఈసారి ఒకే బల్బు వెలిగించి, మీటరును బాటరీ దగ్గరినుంచి తెచ్చి, తీగ బోర్డును తాకేచోట పెట్టాను. 11.2! దారిలో 1.1 వోల్టు ఎవరు తిన్నారు? తీగ పట్టుకొని చూస్తే గోరువెచ్చగా ఉన్నది.

పిల్లలూ, ఆ తీగ నేనిచ్చిందే. బాటరీని గాలి ఆడే వరండాలో పెట్టించి, గదిలోని బల్లదాకా రెండున్నర మీటర్ల కాలింగ్ బెల్ తీగను పాత పెట్టెలోంచి తీసి ఇచ్చాను.

లెక్క చూడండి. రెండు బల్బులకు 42 వాట్లు. 24 వోల్టుల వైపు 1.75 ఆంపియర్లు చాలు. కాని వోల్టేజి రెట్టింపు ఊరకే రాదు. 12 వోల్టుల వైపునుంచి, బోర్డులో పోయే వేడితో కలిపి, దాదాపు 4 ఆంపియర్లు లాగాలి. అంత కరెంటు పారితే సన్నతీగలో వోల్టేజి బాగా పడిపోతుంది. వోల్టేజి పడితే, అవే వాట్లు ఇవ్వడానికి బోర్డు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది; అప్పుడు వోల్టేజి ఇంకా పడుతుంది. 10.5కు దిగితే, బాటరీ పాడు కాకుండా బోర్డు తనంతట తానే ఆగిపోవాలి. ఆగితే తీగలో కరెంటు ఉండదు, వోల్టేజి మళ్లీ 12 దాటుతుంది, బోర్డు మళ్లీ మొదలుపెడుతుంది. పాపం, అది చెప్పిన పని తు.చ. తప్పకుండా చేస్తున్నది! బక్‌లో 1 ఆంపియరే గనుక ఈ గుట్టు బయటపడలేదు.

వెంటనే బజారుకు పోయి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ తెచ్చాం. పాతది 0.2. బాటరీని కిటికీ పక్కకు జరిపి, అర మీటరు ముక్కలు రెండు కోసి, మరలు గట్టిగా బిగించి, మధ్య ఫ్యూజు వేశాం. తీగ అడ్డుకోత వైశాల్యం ఇరవై రెట్లు పెరిగింది, పొడవు అయిదోవంతుకు తగ్గింది. అంటే తీగ అడ్డు నూరోవంతు! (మీరు కూడా చేస్తామంటే, పెద్దవాళ్లు లేకుండా బాటరీ ముట్టుకోవద్దు. దాని రెండు కొనలమీద స్పానరు పడితే నిప్పులు చిమ్ముతుంది.)

రెండు బల్బులూ రెప్ప వెయ్యకుండా వెలిగాయి. మావాడు నన్ను ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది. వాడి చెల్లెలు మాత్రం మీటరు ముల్లు తీసుకుపోయి బోర్డు దగ్గర పెట్టి, "12.1, మావయ్యా" అని నాలుగుసార్లు చదివి వినిపించింది.

ఆ సన్నతీగ పారెయ్యలేదు. మా వీధి తలుపు కాలింగ్ బెల్‌కు వేశాను. అక్కడ అది బాగా పనిచేస్తున్నది.